మూడో గొట్టం

ఎంతటి పొగరుబోతు పశువైనా కృపాదానం చెయ్యి వేస్తే కదలకుండా నిలబడేదట! ముప్పాళ్ళకు రెండు మైళ్ల అవతల ఊళ్లో పశువుల కాంపౌండరు ఆయన. మనిషి బంగారం. ఒక్కటే లోపం, ఎవరికీ లేదనలేడు.

1964 మాఘమాసంలో ఒకే వారం రెండావులకు పొదుగు వాచింది. ఒకటి మణెమ్మది, ఆమెకున్న ఒకే ఒక్క ఆవు. రెండోది చెన్నకేశవరావుగారిది. ఆయన కొట్టంలో ఇంకో ఆరున్నాయి, పైగా పశువుల ఆసుపత్రి నడిచే గది ఆయనదే. చన్నులోకి ఎక్కించే పెన్సిలిన్ గొట్టాలు మూడే ఉన్నాయి. ఒక ఆవుకు మూడు రోజుల మందు అది. మన కృపాదానం ఏం చేశాడంటారా? రోజూ తలా అర గొట్టం ఎక్కించాడు. వాపులు తీశాయి, ఇద్దరూ దీవించారు.

నెలన్నర తిరక్కుండా రెండింటికీ జబ్బు మళ్లీ వచ్చింది. ఈసారి పెన్సిలిన్ పూర్తిగా ఎక్కించినా పాలు పసుపుపచ్చ నీళ్లుగా, ముద్దలుగానే వచ్చాయి. కృపాదానం నరసరావుపేట పరుగెత్తి పశువుల డాక్టరుగారి ముందు జరిగిందంతా ఒప్పుకున్నాడు. అర మందుకు బలంలేని క్రిములు చచ్చి మొండివి మిగిలాయని, ఇక వాటికి పెన్సిలిన్ పనిచెయ్యదని చెప్పి, ఆయన కొత్తరకం మందు మూడు గొట్టాలు చేతిలో పెట్టాడు. మళ్లీ పది రోజులదాకా రాదన్నాడు.

"ఒక్క ఆవుకే. మూడూ," అన్నాడు డాక్టరు.

బస్సులో వస్తున్నంతసేపూ కృపాదానం రెండావుల్నీ తూచి చూసుకున్నాడు. చెన్నకేశవరావుగారి ఆవు ఎలాగూ ఒట్టిపోయే రోజుల్లో ఉంది. మణెమ్మది ఈని రెండు నెలలే, పొదుగు రాయిలా బిగిసింది. ముందు చెన్నకేశవరావుగారి ఇంటికే వెళ్లి, మందు మణెమ్మ ఆవుకేనని చెప్పాడు.

"ఆసుపత్రి గది ఎవరిదో గుర్తుందా కృపాదానం?"

"ఉందండీ. పోయినసారి పంచిపెట్టి రెండావులకీ నేనే చెరుపు చేశా. ఈసారి చెయ్యను."

మొదటి గొట్టానికి మార్పు లేదు. రెండోరోజు సాయంత్రానికి పొదుగు మెత్తబడింది. మూడోరోజు పొద్దున్నే వెళితే మణెమ్మ కొట్టం వాకిట్లో అడ్డంగా నిలబడింది. చెన్నకేశవరావుగారు కూడా తన ఆవు పలుపు పట్టుకుని అక్కడే ఉన్నాడు.

"తగ్గిందిగా అన్నా. ఆ ఒక్కటీ అయ్యగారి ఆవుకి ఎక్కించు. నా మూలాన నీకెందుకు తిప్పలు?" అంది మణెమ్మ.

ఇస్తే అందరూ మెచ్చుకుంటారు. కృపాదానం ఆవు కింద కూర్చుని, నల్లగుడ్డ మీదికి నాలుగు ధారలు పిండి ఇద్దరికీ చూపించాడు. పాలు తెల్లగానే ఉన్నాయి గానీ, గుడ్డ మీద నూక గింజలంత విరుగులు రెండు నిలిచాయి.

"క్రిములు ఇంకా చావలేదమ్మా," అని మూడో గొట్టం మొత్తం ఎక్కించాడు.

చెన్నకేశవరావుగారు ఆవును తోలుకుని వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి గది ఖాళీ చెయ్యమని కబురొచ్చింది. మందు సీసాలు పెట్టుకోమని మణెమ్మ కొట్టంలో ఒక మూల అలికి ఇచ్చింది.

కొత్త మందు వచ్చేదాకా కృపాదానం పగలంతా రెండు గంటలకోసారి చెన్నకేశవరావుగారి కొట్టానికి వెళ్లి, వాచిన చన్నుకు వేడినీళ్ల కాపడం పెట్టి, చెడిన పాలు పిండి గుంటలో పారబోసేవాడు. ఆయన ఎదురుగా మంచం మీద కూర్చుని చూసేవాడు. పలకరించేవాడు కాదు, వద్దనేవాడూ కాదు.