ఎండబెట్టిన మడి

తొంభైల మొదట్లో నీటి పొదుపు శిక్షణకు ఖమ్మం నుంచి మా ఆయనకు పిలుపొచ్చింది. ఆయన మిర్చి కోతల హడావిడిలో ఉండి నన్ను పంపారు. మాది సత్తుపల్లి అవతల, అడవి అంచున, బావి కింద వరి.

శిక్షణలో ఒక యువ అధికారి మాకు కంప్యూటరు చూపించాడు. నేల, వాన, ఎండ వివరాలు ఇస్తే పైరుకు ఎప్పుడు తడి కావాలో అది లెక్కగడుతుందట. కంప్యూటరుకు వేడి పడదని గదంతా చల్లగా ఉంచారు. ఆ చల్లదనంలో కూర్చుని ఎండ గురించి నేర్చుకున్నాం. మడిలో ఎప్పుడూ నీళ్లు నిలవనక్కర్లేదని, సన్నగా నెర్రె విచ్చాక పెడితే చాలని దాని సలహా. నాకు నచ్చింది.

ఇంటికొచ్చి ఒక మడిని ఆరబెట్టాను. పక్క పొలం పెద్దమ్మ గట్టు మీద ఆగింది. వాళ్లది గూడెం, వాగు కాలువ కింద సేద్యం.

"ఏంది బిడ్డా, మోటారు కాలిందా?"

"లేదు పెద్దమ్మా, కావాలనే ఎండబెడుతున్నా. కంప్యూటరు చెప్పింది."

ఆమె నన్ను జాలిగా చూసి వెళ్లిపోయింది.

తర్వాత ఎర్రుపాలెంలో పెళ్లికి వెళ్లొచ్చేసరికి మడి నిండుగా ఉంది. పెద్దమ్మే తన కాలువ తిప్పింది.

"మోటారు కాలిందని చెప్పుకోలేక గట్ల అన్నవనుకున్న. పైరును చూస్తే పాణం ఒప్పలే."

కోప్పడాలో దండం పెట్టాలో తెలియలేదు. ఇంతలో అధికారి వచ్చి పచ్చటి పైరు చూసి మురిసిపోయాడు.

"చూశారా అమ్మా! తక్కువ తడితోనే ఎంత బాగుందో!"

జరిగింది చెప్పాను. ఆయన ముఖం వాడిపోయింది. పెద్దమ్మ వైపు తిరిగి, "ఎన్ని నీళ్లు పెట్టారు?" అని అడిగాడు.

"దాని దూప తీరేదాక."

ఆయన కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. అయినా మంచివాడు, వచ్చే పంటకు మా ఇద్దరినీ శిక్షణకు తీసుకెళ్లాడు. ఆ ఏడు పెద్దమ్మ జాలిపడలేదు. మడులన్నీ చెప్పినట్టే ఆరబెట్టాం. దిగుబడి తగ్గలేదు, బావిలో నీళ్లు మిగిలాయి. నేను పొంగిపోయాను.

మా ఆయన బావిలోకి తొంగి చూశారు.

"ఇన్ని నీళ్లుంటే చెలకెందుకు ఖాళీగా ఉంచాలి?"

మరుసటి ఏడు ఆ మెట్ట చెలక కూడా మడి అయింది. గింజలు ఎక్కువే వచ్చాయి. ఎండలు ముదిరేసరికి బావి మాత్రం ఎప్పటిలాగే అడుగంటింది.