నలభై దాటినోళ్ళ పందెం

సుగరొచ్చిందని దవాఖానాల చెప్పిన తెల్లారి నుంచి ఉరుకుడు మొదలుపెట్టిన. అప్పటికి నాకు నలభై ఒకటి. మొదట్ల మా వీధి చివరిదాంక ఉరికి, కరెంటు స్తంభం పట్టుకొని దగ్గుకుంట నిలబడేటోణ్ణి. కుక్కలు గూడ జాలిపడి మొరుగుడు బంద్ చేసినయ్. మా ఆవిడకే జాలి లేదు. "ఏందయ్యా, నీ పొట్ట ముందు పోతంది, నువ్వు ఎనక పోతున్నవు" అనేది. మూడేళ్ళయినంక పొట్ట తగ్గింది, సుగరు తగ్గింది, పరుగు పందెం కప్పు మీద మోజు పుట్టింది.

నవ్వకుండ్రి. బడిల చదివినన్నాళ్ళు ఆటల పోటీలొస్తే ఉరికేటోళ్ళ చెప్పులకు కాపలా కూసున్నోణ్ణి నేను. మా ఇంట్ల గోడ మీద యేసుప్రభువు ఫొటో, క్యాలెండరు తప్ప ఇంకేం లేవు. అందుకే ములకలపల్లిల యూత్ పోరగాళ్ళు ఐదు కిలోమీటర్ల పరుగు పెడుతున్నరని, నలభై దాటిన మగోళ్ళకు వేరే పందెమని తెలిసిన రోజే పోయి పేరు రాయించిన. రాయించి ఊకున్ననా? ఇంకెవరెవరు రాయించిండ్రో లిస్టు మొత్తం చదివిన. ఒక పంతులు, ఒక ఎరువుల షాపాయన, బస్సు నడిపి రిటైరైన ఒకాయన, ఇంకో నలుగురైదుగురు. అందరి పొట్టలు మనసుల తలుచుకున్న. ఇగ కప్పు నాదే అనుకున్న.

ఆదివారం పొద్దుగాల, చలికాలం. హైస్కూలు గేటు కాడ నిలబడ్డంక, ఆఖరి నిమిషంల ఒకాయన వచ్చిండు. అడవి లోపలి గూడెపాయన. నెత్తి సగం తెల్లబడ్డది. ప్యాంటు మోకాళ్ళదాంక మడిచి, నడుముకు తువ్వాల బిగించి, కాళ్ళకు నల్ల ప్లాస్టిక్ బూట్లేసుకున్నడు. హాస్టల్ల తొమ్మిది చదివే మనవరాలు పట్టుకొచ్చిందంట. "మా తాత పేరు రాయుండ్రి" అని ఆ పిల్లే చెప్పింది. యూత్ పోరగాళ్ళు ఆయన నెత్తి చూసి మా లైన్ల నిలబెట్టిండ్రు. గెలిచినోళ్ళు తర్వాత వయసు తెలిసే గుర్తింపు కార్డు చూపెట్టాలె అన్నరు, అంతే.

విజిల్ ఊదంగనే ఆయన పోయిండు. పోయిండంటే పోయిండే. నేను పద్ధతి ప్రకారం శ్వాస పీల్చుకుంట, చేతికున్న వాచీ చూసుకుంట ఉరుకుతున్న. టేకు చెట్లు మొదలయ్యే మలుపు కాడికి పోయేసరికి ఆయన కనిపించనే లేదు. కల్వర్టు కాడ మళ్ళి రావాలె. నేనింక కల్వర్టుకు అర కిలోమీటరు దూరంల ఉంటే, ఆయన మళ్ళి ఎదురొచ్చిండు. నా మొహం ఎట్లుందో ఏమో, చెయ్యూపి "రాండి సార్, జల్దీ రాండి, ఇంకెంతో లేదు" అన్నడు. నాకు ఒళ్ళు మండింది. నన్ను ఓడగొట్టుకుంట నాకే ధైర్యం చెప్పుడేంది అనుకున్న.

నేను రెండోనిగ వచ్చిన. గేటు కాడ మెడ వాల్చి కూసుంటే ఆయనే నీళ్ళ సీసా తెచ్చిచ్చిండు. "మంచిగ ఉరికిండ్రు సార్" అన్నడు. ఆ మాటతోటి నా కోపం పోయింది. నేనూ పేరడిగి, మెయిన్ రోడ్డు మీద కార్డులు, సర్టిఫికెట్లు తీసే ఆన్‌లైన్ షాపు నాదే, ఏం పనున్నా రా అన్నా అని చెప్పిన.

ఇగ కార్డుల కాడికొచ్చింది. స్టేజీ మీదున్న పోరగాడు ఆయన కార్డు అటూ ఇటూ తిప్పి, "అన్నా, దీంట్ల నీకు ముప్పై ఎనిమిదే!" అన్నడు. మైకుల అన్నడు. "ముప్పై ఎనిమిదేళ్ళకు తొమ్మిదో తరగతి మనవరాలా? మామూలోడివి కాదే!" అందరు ఒకటే నవ్వుడు. నేను గూడ నవ్విన. నవ్వుకుంటనే ముందుకు పోయి కార్డు చూసిన. పుట్టిన తేదీ జనవరి ఒకటి. కింద గూడెం పేరు. నా నవ్వు ఆడనే ఆగిపోయింది.

ఆ తేదీ వేసింది నేనే.

పదమూడేళ్ళ కింద ఆ గూడెంల వేలిముద్రల కార్డుల క్యాంపు పెట్టినప్పుడు మిషన్ ముందర కూసున్న ఆపరేటర్ను నేనే. పుట్టిన రోజు ఎవ్వరికీ తెల్వదు. అడిగితే, వాగు పొంగి ఎడ్లు కొట్టుకపోయిన ఏడు అంటరు, ఇప్పపువ్వు బాగ రాలిన ఏడు అంటరు. కూసోబెట్టి నెమ్మదిగ అడిగితే లెక్క తేలేదే. ఎవరడిగిండ్రు? తేదీ పెట్టకపోతే మిషన్ ముందుకు పోదు. అందుకని అందరికీ జనవరి ఒకటి వేసి, మొహం చూసి సంవత్సరం వేసిన. పొద్దుమూకే యాళ్ళకు ఆఖరి ఏడెనిమిది మందికి మొహం గూడ చూడలె. ముందు నిలబడ్డ పడుచు పోరనికి ఏ సంవత్సరం కొట్టిన్నో అదే ఉంచి, బటన్ నొక్కుకుంట పోయిన. మా నాయనేమో నేను పుట్టిన రోజు, గంట, నిమిషం గూడ బైబిల్ మొదటి పేజీల రాసిపెట్టిండు. అసొంటి ఇంట్ల పుట్టి నేను చేసిన పని ఇది.

అప్పుడే స్టేజీ ఎక్కి చెప్పొచ్చు. "ఇది నా తప్పు, గెలిచింది ఈయనే" అని రెండు ముక్కలు. చెప్పలె. చెప్తే షాపు లైసెన్స్ పోతదేమోనని ఒక భయం. కానీ నిజం చెప్పాలంటే, భయంకన్న ముందు కప్పు కనబడ్డది. నలభై దాటలేదని ఆయన్ను తీసేసి, కప్పు, దాంతోటి ఒక కుక్కరు నాకే ఇచ్చిండ్రు. ఫొటో తీసిండ్రు. ఆయన చప్పట్లు కొట్టిండు. మనవరాలు కొట్టలె. "మా తాతే కదా ముందొచ్చింది" అని నా దిక్కే చూసుకుంట అన్నది. నేను కుక్కరు డబ్బా మీద ఏం రాసుందో చదువుతున్నట్టు తల దించుకున్న.

ఇంతటితోటి ఆగినా బాగుండు. అటునుంచటే చర్చికి పోయినం. మా ఆవిడకు సంబరం ఆగలె, "లేసి సాక్ష్యం చెప్పు" అని మోచేత్తో పొడిచింది. లేసిన. సుగరు నుంచి తప్పించి ఈ వయసుల గెలిపించిన దేవునికి స్తోత్రం అన్న. అందరు ఆమెన్ అన్నరు. ఆ తర్వాత పాస్టరు గారు దొంగ తూనికల గురించి వాక్యం చెప్తుంటే, గుమ్మడికాయల దొంగ లెక్క భుజాలు తడుముకుంట కూసున్న. ఆయన చూసింది నన్నో, నా ఎనక కూసున్నోళ్ళనో దేవునికెరుక.

రెండు వారాలకు ఆ గూడెపాయన షాపుకొచ్చిండు. ఎంట ఒక ముసలాయన, చేతికర్ర. "మా నాయన సార్. జర ఈయన కార్డు చూడుండ్రి" అన్నడు. చూసిన. జనవరి ఒకటి. సంవత్సరం గూడ అదే. తండ్రీ కొడుకు ఒక్క రోజే పుట్టిండ్రు.

"ఆ రోజు లైన్ల నా ఎనకనే నిలబడ్డడు సార్" అన్నడు ఆయన. పింఛను కోసం ఎన్నేండ్ల సంది తిరుగుతున్నరో చెప్పిండు. పోయిన కాడల్లా కార్డు చూసి, నీకింక మస్తు టైముంది పో అని నవ్వుతరంట. ముసలాయన ఇప్పటికీ పత్తి ఏరబోతడంట. చూపు ఆనక సగం పత్తి చెట్టుకే ఉంటదని కూలికి పిలుసుడు గూడ తగ్గించిండ్రంట. ఇద్దరిలో ఒక్కరు గూడ నన్ను గుర్తుపట్టలె. ఎట్ల పడతరు? ఆ రోజు నేను తల ఎత్తితే కదా వాళ్ళు నా మొహం చూసేది.

కార్డు మారుస్త అన్న. డాక్టరు కాడ వయసు సర్టిఫికెట్ నేనే ఎంటపోయి రాయించిన. పైసా తీసుకోలె. ఇంత చేస్తే పాపం తీరుతదేమోనని లోపల ఆశ. ఇగ మిగిలింది ఒక్క కాయితం, తప్పు ఎట్ల జరిగిందో రాసి ముసలాయన వేలిముద్ర పెట్టాలె. అది నేనే రాయాలె.

పెన్ను పట్టుకున్న. ఆపరేటర్ అడగకుండ వేసిండని రాస్తే, ఏ ఆపరేటర్ అని అడుగుతరు. నా పిల్లల ఫీజులు, షాపు కిరాయి, అన్నీ కండ్ల ముందు తిరిగినయ్. రాసిన. "నేను చదువు రానివాడిని. నా వయసు నేనే తప్పుగా చెప్పినాను."

"ఏం రాసిండ్రు సార్?" అని కొడుకడిగిండు.

చదివి వినిపించిన. కొడుకు తండ్రి దిక్కు తిరిగి వాళ్ళ గూడెం భాషల చెప్పిండు. ముసలాయన కాదంటడేమోనని భయపడ్డ. కాదంటే బాగుండని గూడ అనిపించింది, ఒట్టు. ఆయన తల ఊపిండు.

"అవ్ బిడ్డా. నేనే తప్పు చెప్పి ఉంట. పాపం, ఆ రాసెటోనికేం తెలుస్తది" అన్నడు, వచ్చీరాని తెలుగుల.

అని, ఎటు పెట్టాల్నో తెల్వక చెయ్యి నా ముందుకు చాపిండు. నేనే ఆయన బొటనవేలు పట్టుకొని, సిరా అద్ది, ఆ అబద్ధం కింద గట్టిగ ఒత్తిన.