ఆ రెండు వారాలు ఎవరివి?

నగరిలో రెండు మరమగ్గాల వీధులకు రెబెకా ఆశ కార్యకర్త. వేళ్ల మీద నెలలు లెక్కపెట్టే అత్తల్ని ఒప్పించి, కోడళ్లను స్కానింగుకు పంపడంతోనే ఆమెకు పదిహేనేళ్లు గడిచాయి. "వేళ్లు తప్పు చెప్తాయి, మిషను చెప్పదు" అని గడపగడపకూ తిరిగి చెప్పింది. జనం నమ్మారు. కొంప మునిగింది అక్కడే.

నందితకు స్కానింగు తీస్తే ఎనిమిది వారాలని కాగితం వచ్చింది. ఆమె మొగుడు మురుగేష్‌కు సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో పని. జాతరకు సెలవు దొరకలేదు. జాతరైన రెండు వారాలకు వచ్చి, నాలుగు రోజులుండి వెళ్లాడు. అది జరిగి ఇప్పటికి ఆరు వారాలు.

"నా కొడుకొచ్చి ఆరు వారాలు. బిడ్డకి ఎనిమిది. ఆ రెండు వారాలు ఎవురివమ్మా రెబెకా?" అని అత్త కుప్పమ్మ నిలదీసింది.

"అత్తా, కడుపు నిలిచిన దినం ఎవురికి తెలుస్తాది? అందుకే డాక్టర్లు చివర్న ముట్టైన దినం నుంచి లెక్కపెడతారు. జాతరనాడు నందిత యాడుండె?"

"దూరంగా ఉండె. పొంగలి కుండ గూడా తాకనీలేదు నేను."

"ఆ దినం నుంచే ఎనిమిది. నువ్వే చెప్తివి గదా!"

గెలిచాననుకుంది రెబెకా. కుప్పమ్మ పెద్దగా నవ్వింది. "కడుపు పడకముందే కడుపుకు వయసా? ఎవురికి చెప్తావమ్మే ఈ కత? మిషను తప్పు చెప్పదని నువ్వే గదా అంటివి!"

పిలవకుండానే వచ్చిన పెద్దమనిషి సుబ్రమణ్యం, సహనమే ఆడదానికి నగ అని చెప్పి, కాఫీ తాగి వెళ్లాడు.

మురుగేష్ ఫోన్లో ఒక్క మాటతో తేల్చేశాడు. కడుపు నిలిచిన తేదీ డాక్టరమ్మతో రాయించాలి, అప్పుడే వస్తానన్నాడు. రెబెకా నందితను వెంటబెట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తింది. "మీ ఆయనున్న రోజులకు సరిపోతుంది. కానీ ఫలానా తేదీ అని ఎవరూ రాయలేరు. నాలుగైదు రోజులు అటూ ఇటూ ఉంటుంది" అంది డాక్టరమ్మ. ఆమె చెప్పింది నిజం. ఇంట్లో వాళ్లకు మాత్రం చివరి ముక్కే వినబడింది.

"ఇటంటే నేను. అటంటే ఎవురు?" అని మురుగేష్ ఫోన్ పెట్టేశాడు.

కుప్పమ్మ కోడలి బట్టల సంచి తెచ్చి వాకిట్లో పడేసింది. పాకాలలో పుట్టింటికి పొమ్మంది. రెబెకా అరుగు మీద కూర్చుని తల్లీబిడ్డల కార్డు నింపుతుంటే, నందిత వంగి గుసగుసగా అడిగింది.

"అక్కా, ఆరు వారాలని రాయవా?"

"రాస్తే కాన్పు తేదీ తప్పిపోతాది నందితా. రేపు దినాలు దాటినా ఎవురూ కనిపెట్టలేరు."

"అది రేపటి మాట. ఈపొద్దు నన్ను ఇంట్లో ఉండనియ్యాల గదా."

కుప్పమ్మ చెవిన పడనే పడింది. "సూస్తిరా! తప్పు లేనిది దిద్దమని అడుగుతాదా?"

రెబెకా నోరు తెరిచింది. నందిత ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "వద్దక్కా. నువ్వు చెప్పేకొద్దీ నా మీదే నింద ఎక్కువైతాండాది."

రెబెకా కార్డులో ఎనిమిది అని రాసింది. ఐరన్ మాత్రలు సంచిలో పెట్టి, "అన్నం తిన్నాక ఒకటి" అంది.