పేరు అడిగే పెట్టె

అత్తగారి ముందు నేను ఆయన పేరు ఏనాడూ పలకలేదు. ఆవిడ లేనప్పుడూ పలకలేదు. రేషన్ కార్డు కోసం వచ్చినవాళ్లు అడిగితే పక్కింటావిడ అందుకుని చెప్పేది. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా ఇంటి నమ్మకం. నేను నమ్మానని కాదు, నోటికి అలవాటు లేదు, అంతే.

ఆయన గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఆయనకు వెబ్‌సైట్ పిచ్చి పట్టింది. ఏ రోజు ధరలు ఆ రోజు అందులో పెడితే, రైతు బస్తాలు లారీకెక్కించే ముందే చూసుకుంటాడని ఆశ. పల్లెలో కంప్యూటర్ ఎక్కడిదని నేనూ, బ్రాడీపేటలో చదివే రైతు కొడుకు ఇంటర్నెట్ సెంటర్లో చూసి ఫోన్ చేస్తాడని ఆయనా వాదించుకున్నాం. చివరికి పని నా నెత్తిన పడింది. మధ్యాహ్నం బేరాలయ్యాక ఆయన ఫోన్ చేసి తేజ రకం ఇంత, రంగు పోయిన తాలుకాయ ఇంత అని చెప్పేవారు. నల్లపాడులో మా ఇంట్లో నేను రాసుకుని, అదే ఫోన్ లైనుకు కంప్యూటర్లో ఇంటర్నెట్ తగిలించి సైట్లో ఎక్కించేదాన్ని.

ఆయన ఒకచోట నిలిచే మనిషి కాదు. పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీ తెచ్చి, కంప్యూటర్‌ను నడిపే పాత సాఫ్ట్‌వేర్ తీసేసి, పెంగ్విన్ బొమ్మ ఉన్న లినక్స్ ఎక్కించారు. ఊరికే ఇవ్వడమే కాక, లోపల ఏముందో విప్పి చూసుకోమంటున్నారని మురిసిపోయారు. ఊరికే వచ్చింది ఊరికే పోదని అత్తగారు గొణిగారు. ఆయన యార్డు నుంచి వచ్చిన చొక్కా విప్పకుండానే దాని ముందు కూర్చుంటే, ఆ మిరప ఘాటుకు నేను పక్కన తుమ్ముతూ ఉండేదాన్ని.

మర్నాడు కంప్యూటర్ ఎప్పటిలా తెరుచుకోలేదు. నువ్వెవరని తెర మీద ఒక పెట్టె అడిగింది. తన పేరు కొట్టమని ఆయన ఫోన్లో అన్నారు. వంటింట్లో అత్తగారు. నేనాయన్ని పిలిచే మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను: ఏమండీ. తప్పంది. మళ్లీ కొట్టాను, మళ్లీ తప్పంది. ఏం కొట్టావని అడిగితే చెప్పాను. ఆయనకిక నవ్వు ఆగలేదు; ఏమైందని కొట్టులోవాళ్లు అడగడం నాకు వినిపించింది. ఆఖరికి ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆయన పేరు కొట్టాను. పేరును బయటికి కనబడనిచ్చి, కింద ఆయన చెప్పిన పాస్‌వర్డును మాత్రం చుక్కలతో కప్పింది. దాచాల్సింది వదిలేసి అక్కర్లేనిది దాచిందేమిటా అనుకున్నాను.

నువ్వు కొట్టడానికి వేరే పేరు పెడతానని సాయంత్రం ఆయన అన్నారు. వద్దన్నాను. ఎందుకని అడగకుండా నవ్వారు. తర్వాత లినక్స్‌లు ఎన్ని మార్చినా ఆ పేరు మార్చనివ్వలేదు. నోటితో పలకలేనిదాన్ని రోజూ వేళ్లతో పలకడం నాకు భలే ఇష్టంగా ఉండేది.

యార్డుకు ఎండాకాలం సెలవులిచ్చిన రోజుల్లో, ఒక ఏడాది ఆయన గుండె ఆగిపోయింది. ఆ పేరు కొట్టీ కొట్టీ ఆయుష్షు నేనే తగ్గించానా అని ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. ఆయన ఉంటే దానికీ నవ్వేవారు. సెలవులయ్యాక కొట్టువాళ్లు ధరలు చెబుతుంటే సైటు నేనే నడిపాను. ధరలు సెల్‌ఫోన్లలోకి వచ్చేశాక చూసేవాళ్లు తగ్గారు, ఎందుకీ శ్రమ అని అందరూ అన్నా మానలేదు. నేను ఏడుస్తానని ఇంట్లో ఆయన మాట ఎవరూ ఎత్తేవారు కాదు. ఆయన కోసం నా ప్రాణం కొట్టుకునేది. ఏమండీ అని పిలుద్దామంటే మనిషి లేడు, పేరు పెట్టి పిలుద్దామంటే నోరు రాదు. మధ్యాహ్నం ఆ పెట్టె అడిగేది, నేను చెప్పేదాన్ని.

ఒక ఆదివారం మా మరిది వచ్చి, పాతబడిందని కొత్త లినక్స్ ఎక్కించాడు. తెలుగు అక్షరాలు ముచ్చటగా కనబడ్డాయి. మీట నొక్కగానే కంప్యూటర్ నేరుగా తెరుచుకుంది.

"ఇక పేరూ గీరూ కొట్టే పనిలేదు వదినా. వాడేది మీరొక్కరేగా, తీసేశాను" అన్నాడు.

"మళ్లీ పెట్టవయ్యా" అన్నాను. "ఈ ఇంట్లో ఆయన పేరు నన్ను అడిగేది అదొక్కటే. అడగనియ్యి."