ఇరవై అయిదో పేజీలో సున్నా

ఆ రోజుల్లో, అంటే ఫోను మాట్లాడుకోవడానికి మాత్రమే పనికొచ్చిన రోజుల్లో, పుస్తకాలంటే నాకు మహా ప్రాణం. పేజీ మూల మడిచేవాళ్లతో మాట్లాడేదాన్ని కాదు. నా పుస్తకంలో పెన్నుతో గీత గీసినందుకు మా పెదనాన్న కూతురితో ఒక వేసవి మొత్తం కటీఫ్. ఇప్పుడు ఆలోచిస్తే అది పుస్తకాల మీద ప్రేమో, ఇస్త్రీ నలగకూడదనే మోజో నాకే అర్థం కాదు.

డిగ్రీ అయిపోయి ఉద్యోగం రాక గోళ్లు గిల్లుకుంటున్న సమయంలో మా బాబాయి కంటి ఆపరేషన్‌కి గుంటూరు వెళ్లాల్సి వచ్చింది. ఆయనకి నరసరావుపేటలో అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. పది రోజులు దాన్ని నాకు అప్పగిస్తూ "అడిగిన పుస్తకం ఇయ్యి, తెచ్చింది తీసుకో. అంతకుమించి తెలివితేటలు చూపియ్యమాక" అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. అప్పటికే టీవీ సీరియళ్ల దెబ్బకి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. మిగిలిన కొద్దిమంది ఆడవాళ్ల మీదే కొట్టు నడుస్తోంది. వాళ్లలో ఎవరు మానేసినా ఆయన తలుపులు మూసుకోవాల్సిందే.

మొదటి రోజే ఒక నవల తెరిచాను. ఇరవై అయిదో పేజీ మూలన పెన్సిలుతో ఒక సున్నా, ఒక నక్షత్రం, ఒక సిలువ గుర్తు, ఒక పువ్వు. ఇంకో నవల తెరిస్తే మళ్లీ అదే పేజీలో అదే గోల! కొట్టులో ఒక్క పుస్తకాన్నీ వదల్లేదు. నా ఒళ్లు మండిపోయింది. ఎదురుగా ఉన్న ఫ్యాన్సీ షాపులో నాలుగు రబ్బర్లు కొనుక్కొచ్చి, నాలుగు రోజులు వంచిన తల ఎత్తకుండా ప్రతి నవలలోనూ ఆ పేజీని తుడిచి పారేశాను. (గట్టిగా రుద్దితే రెండు మూడు చోట్ల కాగితం చిరిగింది. పుస్తక ప్రేమికురాలిని గదా, జిగురు పెట్టి అతికించాను.) బాబాయి వచ్చి మెచ్చుకుంటుంటే ఎంత వినయంగా తల వంచుకోవాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను.

అయిదో రోజు ముప్పాళ్ళ మామ్మ వచ్చింది. వారానికోసారి ఆ ఊరి నుంచి బస్సులో వచ్చి నాలుగు నవలలు పట్టుకెళ్లే మనిషి. ఆవిడ మాట మీద ఇంకో ఆరేడుగురు మా కొట్టుకే వచ్చేవాళ్లు. మామ్మ పుస్తకం పేరు చూడలేదు, రాసిందెవరో చూడలేదు, సరాసరి ఇరవై అయిదో పేజీ తీసింది. ఇంకోటి తీసింది. పదో పుస్తకం దగ్గర ఆగి కళ్లజోడు పైకి తోసుకుంది.

"ఏందమ్మాయ్, ఇయ్యన్నీ కొత్తగా తెప్పించాడా మీ బాబాయి?"

"పాతవే మామ్మా. ఎవరో పిచ్చి గీతలు గీస్తే చెరిపి శుభ్రం చేశా."

మామ్మ స్టూలు మీద కూలబడింది. "ఓసి నీ శుభ్రం తగలెయ్య! అయ్యి గీతలు కాదే. సున్నా నాది. సున్నా ఉంటే నేను చదివినట్టు, లేకుంటే చదవనట్టు. సిలువ టీచరమ్మది, పువ్వు కోమటోళ్ల కోడలిది. గీసేదేదో అందరూ ఒక్కచోటే గీయండమ్మా అని ఆ పేజీ చెప్పింది మీ బాబాయేనే!"

"పేరు చూస్తే గుర్తు రాదా మామ్మా?" అన్నాను.

"అన్నిట్లో గొప్పింటి పిల్లోడూ, పేదింటి పిల్లే గదంటే! పేరు చూసి ఏం గుర్తుపట్టేది? ఇంక నేను రానని మీ బాబాయికి చెప్పు" అని ఖాళీ సంచీతో వెళ్లిపోయింది.

మర్నాడు కొట్టుకి తాళం వేసి, ఎనిమిది నవలలు సంచీలో వేసుకుని ముప్పాళ్ళ బస్సెక్కాను. మామ్మ వసారాలో మిరపకాయల తొడిమలు తీస్తోంది. పిలవకపోయినా పక్కనే కూర్చుని ఒక్కో నవల మొదటి పేజీ పైకి చదవడం మొదలుపెట్టాను. వాక్యానికో తుమ్ము. రెండు వాక్యాలు దాటకుండానే మామ్మ తీర్పు. "చదివా. ఆ పిల్లకి చివర్లో చూపొస్తది." "అదీ చదివా. అసలు తండ్రి ఆ డాక్టరే." ఏడు నవలల ముగింపులు అలా వరసగా చెప్పేసింది. (వాటిలో ఒక్కటీ నేనింకా చదవలేదు.) ఎనిమిదో దానికి వచ్చేసరికి నా గొంతు పోయింది, కళ్లమ్మట ధారలు. మిరప ఘాటుకో, భయానికో చెప్పలేను. మామ్మ తొడిమలు తీయడం ఆపి నా మొహంలోకి చూసింది.

"ఇది చదవలా. పెట్టిపో" అంది.

తిరుగు బస్సులో నిలబడే వచ్చినా నాకు సింహాసనం మీద వచ్చినట్టే ఉంది.

బాబాయి నల్ల కళ్లద్దాలతో తిరిగొచ్చి అంతా విన్నాడు. "చెప్పానా, తెలివితేటలు వద్దని?" అన్నాడు. అంతే. ఆ వారమంతా వచ్చిన ప్రతి ఆవిడ చేతికీ పెన్సిలు ఇచ్చి, తిట్లు తిని, గుర్తున్నంతవరకు మళ్లీ గీయించుకున్నాను. శనివారం మామ్మ కూడా వచ్చింది. ఆ ఎనిమిదో నవల బల్ల మీద పెట్టి, కొత్తవి ఏరుకోవడానికి లోపలికి వెళ్లింది. నేను ఆత్రంగా ఇరవై అయిదో పేజీ తీశాను. రెండు సున్నాలు, పక్కపక్కనే.

"రెండున్నాయేంటి మామ్మా?"

"రెండుసార్లు చదివినాక రెండు పెట్టొద్దా ఏందే?" అని, బస్సు టైమైందంటూ సంచీ సర్దుకుని వెళ్లిపోయింది.

నా ఏడుపు మొహం చూడలేక, చదివేసిన నవలని చదవలేదని చెప్పి, ఊరికే తిరిగిచ్చెయ్యకుండా మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చదివింది ఆ మనిషి. ఆ రోజు సిగ్గుతో చచ్చిపోయాను.

ఇప్పుడు పాత నవలలన్నీ మెరిసే అట్టలతో మళ్లీ అచ్చవుతున్నాయి. వాట్సాప్ గ్రూపులో వార్త పడితే చాలు, ఆర్డరు పెట్టేస్తాను. సగం చదివాక తెలుస్తుంది, ఇది ఎప్పుడో చదివిందేనని. "వాపసు చెయ్యి మమ్మీ" అంటుంది మా అమ్మాయి. చేయను. సున్నాలు ఎలాగూ పెట్టుకోను గానీ, ఆఖరి పేజీ దాకా చదువుతాను. రబ్బరు పట్టుకుని కూర్చున్న ఆ పిల్లని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. పాపం, అప్పటికి అది ఒక్క పుస్తకాన్నీ రెండోసారి చదివి ఎరగదు.