గుంజకు కట్టిన పుంజు

సోమవారం కాలేజీ చర్చా పోటీలో ‘ప్రకృతిలో గెలుపు బలవంతులదే’ అన్న ప్రతిపాదనను నేను సమర్థించవలసి ఉంది. నర్సీపట్నం పక్కన బలిఘట్టంలో తన నాయనమ్మ అప్పాయమ్మగారి దగ్గర ఊరంతా మెచ్చే పుంజు ఉందనీ, శనివారం దాని పిల్లలు గుడ్లు పగలగొట్టుకుని వస్తాయనీ స్నేహితురాలు చెప్పింది. కంటితో చూసిన ఉదాహరణ అవసరమనిపించి ఒక్కదాన్నే బయలుదేరాను.

విశాఖపట్నంలో ఆరుంపావుకు ఎక్కిన బస్సు తొమ్మిది దాటాక నర్సీపట్నం చేరింది. ఆర్టీసీ కాంప్లెక్స్ ఎదుట ఇడ్లీ తిని, షేర్ ఆటోలో బలిఘట్టం వెళ్లాను.

పుంజు నిజంగానే గొప్పది: ఎర్రని ఈకలు, మోకాలు దాటిన ఎత్తు. కాలికి తాడు వేసి అరుగు పక్కన గుంజకు కట్టారు. చోళ్లు, అంటే రాగులు, ఉడికించిన గుడ్డు దాని ఆహారం.

“మా ముసిలాయన పెంచిన జాతమ్మా. ఆయన పోనాడు, ఇదీ ముసిల్దైపోనాది. దీని పోలిక ఒక్కటైనా మిగలాల,” అంటూ అప్పాయమ్మగారు గంపలోని పెట్టను ఎత్తారు.

ఏడు పిల్లలు. ఏడింటికీ మెడ మీద నూగు లేదు.

గోడవతల పెంటకుప్పను బక్కచిక్కిన బోడిమెడ పుంజు ఒకటి కెలుకుతోంది. దాన్ని పెంచే పక్కింటి కోడలుపిల్ల తొంగి చూసింది. “ఓలత్తా! మావోడికి ఏడుగురా!”

“నోర్ముయ్యే,” అన్న అప్పాయమ్మగారి చెయ్యి గంప అంచు వదలలేదు.

“మామ్మగారూ, పుంజును ఎప్పుడు విప్పుతారు?”

“ఇప్పడమేటి? కుక్కలట్టుకుపోవూ!”

“మరి పెట్టను?”

“పెట్టనెవులు కడతారమ్మా...” అని గోడ వైపు చూసి ఆగిపోయారు.

జీవశాస్త్రంలో యోగ్యత అంటే కండ కాదు. ఉన్న పరిస్థితుల్లో ఒక జీవి తన పోలికను తరువాతి తరానికి ఎంత అందించగలిగిందన్నదే కొలత. నా నోట్సులో ఆ నిర్వచనం ఉంది. దాన్ని రాసుకున్నాను గాని, ప్రశ్నించుకోలేదు. ఇక్కడ పుంజుకు ఆయుష్షు పోసిన తాడే దాని వంశాన్ని ఆపింది.

“నల్లపెట్ట రేపోమాపో గుడ్లకొస్తాది. ఒసే, బేగి మీవోడ్ని గంప కింద ఎట్టు. నెల్లాళ్లు తియ్యకు!” అని అప్పాయమ్మగారు గోడవతలకు కేకేసి, వంగి పుంజు కాలి ముడి విప్పారు.

“కుక్కలొస్తేనో?” అన్నాను.

“కర్రట్టుకుని నాను కూకోనా?”

రెండూ నలభైకి తిరుగు బస్సు. పోటీలో నన్ను ఎదుటి పక్షానికి మార్చమని మా చర్చా జట్టు కెప్టెన్‌కు సందేశం పంపాను. చూడని బలాన్ని పొగడగలిగేదాన్నేమో, చూశాక కుదరదు.

పక్క సీటులో జీడిపిక్కల సంచితో కూర్చున్న రైతు నా ఫోనులోని ఫొటో చూశాడు. “బలే పుంజమ్మా! పిల్లలెన్ని?”

“ఇంకా లేవండీ,” అన్నాను.