నాలుగో శాఖ

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. చిన్నదే, రెండు ముక్కలు. కానీ ఇప్పటికీ దించుకోలేకపోతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

తొంభైల చివర్లో మాదాపూర్‌లో నేనూ ఇంకో ముగ్గురమ్మాయిలూ ఒక ఇంటి పై వాటా కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. అందరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. చుట్టూ ఇంకా బండలే. వాటిని పేల్చినప్పుడు కిటికీ అద్దాలు అదిరేవి. ఇంటి వెనక రాయి తవ్వి వదిలేసిన గుంటలో వాన నీళ్లు నిలిచి ఉండేవి.

మా టీములో ఒకాయన విదేశం నుంచి తెచ్చుకుని, నచ్చక నాకిచ్చేసిన ఆట ఒకటి మా దగ్గరుండేది. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు అందులో పాత్రలై మాట్లాడతారు, ఏం జరుగుతుందో తేలనిచోట పాచికలు వేస్తారు. కథంతా మంత్రవిద్యలు నేర్పే ఒక బడిలో జరుగుతుంది. ఆడేవాళ్లు ముందుగా తమ పాత్రకు ఒక శాఖ ఎంచుకోవాలి. నిప్పు, వైద్యం, రూపం మార్చుకోవడం, చనిపోయినవారితో మాట్లాడటం. కథ నడిపేది నేను. ఆదివారం మధ్యాహ్నాలు ఆడేవాళ్లం.

రూత్ మా అందరిలో చిన్నది. హన్మకొండ పిల్ల. చర్చికి వెళ్లొచ్చి, అన్నం తిని ఆటకు కూర్చునేది. వాళ్లమ్మ నర్సు, అందుకే కాబోలు వైద్యం కావాలంది. నేనే వద్దన్నాను. నాలుగో శాఖ ఎవరూ తీసుకోలేదు, అది లేకపోతే నేను అల్లుకున్న కథ ముందుకు సాగదు. మా ఇంట్లో అలాంటివి మాట్లాడరని నెమ్మదిగా చెప్పింది. ఆటే కదా అన్నాను. బతిమాలాను. కాదనలేక ఒప్పుకుంది.

అప్పటికే నాకొక సంగతి తెలుసు. మా ఆఫీసులో శ్రీనివాస్ అని ఒకతనుండేవాడు, అతనిదీ హన్మకొండే. రూత్‌కు ఒక అక్క ఉండేదని, చిన్నతనంలోనే జ్వరంతో పోయిందని, ఆ పోయినామె శ్రీనివాస్ వాళ్లక్కకు క్లాస్‌మేటని ఒకరోజు క్యాంటీన్‌లో చెప్పాడు. అక్కాచెల్లెళ్లు ఒకే మంచం మీద పడుకునేవారట. చెల్లెల్ని ఆమె పిచ్చుకా అని పిలిచేదట. రూత్ దగ్గర ఆ మాట ఎత్తొద్దని కూడా చెప్పాడు. తర్వాత కొద్దిరోజులకే బెంగళూరు వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం ఆట చప్పగా సాగింది. ఒకమ్మాయి ఆవలించింది. ఇంకొకామె గోళ్లకు రంగు వేసుకుంటోంది. నాకు రోషం వచ్చింది. రూత్ పాత్ర బడి కింద నేలమాళిగలోకి దిగి మంత్రం చదివింది. పాచికలు బాగానే పడ్డాయి. చీకట్లోంచి ఎవరు పలికారని అడిగింది. నేను గొంతు తగ్గించి, "పిచ్చుకా, జరుగు. చలేస్తోంది" అన్నాను.

రూత్ ముఖంలో రక్తం లేదు.

"అక్కా, ఆ పేరు నీకెవరు చెప్పిన్రు?"

"ఎవరూ చెప్పలేదు. నోటికి అదే వచ్చింది."

"నిజంగనా?"

"నిజంగానే."

ఎందుకలా అన్నాను? ఆమె కళ్లలో భయం చూసి నేనూ భయపడ్డానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను కానీ, అంతకు ముందొక్క క్షణం, ఆవలించిన అమ్మాయి కూడా నిటారుగా కూర్చుని నావైపే చూస్తున్నప్పుడు, నాకు సంతోషం కలిగింది. అది చెప్పకుండా తక్కినదంతా చెప్పి ఏం లాభం?

పేరైతే విన్నదే. చలి మాట నేను కల్పించింది, జ్వరం కదా అని. కానీ ఆఖరి రాత్రి వాళ్లక్క సరిగ్గా అదే అందట. రూత్ నిద్రమత్తులో పక్కకు జరగలేదట. ఈ సంగతి ఆమె తర్వాత నాకు చెప్పింది. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పలేదు.

ఆ రోజు నుంచి రూత్ మంచం అంచున పడుకునేది, పక్కన చోటు వదిలి. తిండి తగ్గింది. మళ్లీ ఆడదాం, ఒక్కసారి అక్కను అడుగు అని నా వెంట పడేది. నేను ఆఫీసు పని సాకు చెప్పి తప్పించుకునేదాన్ని. ఆమె అడుగుల చప్పుడు వింటేనే తలుపు వేసుకునేదాన్ని.

ఒక పొద్దున కింద కేకలు వినిపించాయి. పరుగెత్తాను. రూత్ ఇంటి వెనక నీళ్ల గుంటలోకి దిగింది. పక్క కట్టడం వాచ్‌మన్ దూకి బయటికి లాగాడు. బండ మీద తడిబట్టలతో వణుకుతూ నన్ను చూసి, "గా నీళ్లల్ల మా అక్క ఉంది. చలి పెడుతుందంట" అంది.

దవాఖానలో వాళ్లమ్మ నా చేయి పట్టుకుంది. "నువ్వే గదా బిడ్డా దగ్గరున్నది. ఏమైంది మా పిల్లకు?"

ఆఫీసులో పని ఎక్కువైందని, నిద్ర లేదని చెప్పాను. నమ్మింది. చూసుకున్నందుకు నా మేలు కోరి ప్రార్థన చేసింది. ఆ ప్రార్థన జరుగుతున్నంతసేపూ రూత్ కళ్లు తెరిచి ఆట సంగతంతా చెప్పేస్తుందేమోనని భయపడ్డాను. ఆమె కోసం కాదు, నా కోసం.

రూత్‌ను ఇంటికి తీసుకెళ్లిపోయారు. చాలా ఏళ్ల తర్వాత హఫీజ్‌పేట్ స్టేషన్‌లో కనిపించింది. వైద్యం చేయించుకుని కోలుకుంది, బడిలో టీచరు. తనే వచ్చి పలకరించింది. డాక్టర్లు రోగమన్నరు, నేనూ ఒప్పుకున్న అంది. "గానీ నీ నోట్ల ఆ పేరు ఎట్ల వచ్చింది? గదొక్కటే నాకు సమజ్ కాలేదు." రైలు ఇంకా రాలేదు. చెప్పడానికి కావలసినంత సమయం ఉంది. నేను ఆమె బడిలో పిల్లల గురించి అడిగాను.

ఆ పేరు శ్రీనివాస్ చెప్పాడు. మిగతాది నేను కల్పించాను. ఆ మధ్యాహ్నం ఆ గదిలో అక్కలా పలికింది నేనే, ఇంకెవరూ కాదు.

ఇది రూత్‌కు చెప్పాలి. చెబితే ఆమెకు మేలు జరుగుతుందో, మళ్లీ కుంగిపోతుందో తెలియదు. ఆ భయం నిజమైనదా, నన్ను నేను కాపాడుకోవడానికి దొరికిన ఇంకో సాకా? అదీ తెలియదు. మిమ్మల్ని క్షమించమనడం లేదు, అది మీ చేతుల్లో ఉన్నది కాదు. ఇన్నాళ్లూ నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు. ఊపిరి కాస్త ఆడుతోంది.